కుందేలు పుణ్యమా అని

వదినా,

ఇక గుండె మీద చెయ్యేసుకుని నిద్రపో. పరీక్షకి పంపిన పాప కండరం ముక్కలో ఆ ప్రొటీన్ ఉంది.

ప్రొటీన్ ఉంటే మేం వేసే యాంటీబాడీ దానికి అతుక్కుని రంగు తేలుతుంది. నీకు చెప్పలేదు గానీ, మొదటిసారి తేలలేదు. నా ప్రాణం పోయినంత పనైంది. తీరా చూస్తే, పోల్చడానికి పక్కన పెట్టిన ఆరోగ్యవంతుల కండరం మీదా రంగు లేదు! మా ల్యాబులో ఎవరో మహానుభావుడు యాంటీబాడీ సీసాని ఫ్రీజర్ తలుపు అరలో పెట్టాడు. తలుపు తీసినప్పుడల్లా కరిగి, గడ్డకట్టి, మళ్లీ కరిగి పాడైపోయింది. కొత్త సీసాతో చేస్తే ప్రతి పోగు చుట్టూ గీసినట్టు గోధుమరంగు అంచు.

పాప ఎందుకు పడిపోతోందో డాక్టరు ఇంకా చూడాలి. ఆ ప్రొటీన్ లేక కండరాలు కరిగిపోయే జబ్బని మనం భయపడ్డాం చూడు, అది మాత్రం కాదు.

ఆ యాంటీబాడీ ఓ కుందేలు ఒంట్లో తయారైంది. కాబట్టి పాప కుందేలు కావాలని అడిగితే ఇల్లు పాడవుతుందని ఇక గొడవ చెయ్యకు. ఆదివారం తెస్తున్నా.

నీ ఆడపడుచు