రాని రోజుల సంతకాలు

పూజ్యురాలైన అక్కకు,

నీ ఏకైక తమ్ముడు సాష్టాంగపడి చేయు నమస్కారాలు. ఇక్కడ మేమంతా తిని తిరుగుతున్నాం. అక్కడ నువ్వూ, నీ వార్డులోని రోగులూ, నీకు నర్సింగ్ శిక్షణ ఇస్తున్న ఆ కోపిష్టి పెద్ద సిస్టరూ కులాసా అని తలుస్తాను.

ముందుగా క్షమాపణలు. ఈ ఉత్తరం ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో రాస్తున్నందుకు క్షమించు. ఇంట్లో రాసే పెన్నులన్నీ నీ కూతురి డబ్బాలో ఉన్నాయి, ఆ డబ్బా అడిగే ముఖం నాకు ప్రస్తుతం లేదు. అక్షరాలు వంకరగా దిగిపోతున్నందుకు క్షమించు. మేడమెట్ల మీద కూర్చుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని రాస్తున్నాను. నువ్వు పుట్టాక పదేళ్ళు తాపీగా ఆలోచించుకుని పుట్టినందుకు క్షమించు. చిన్నప్పుడు నీ వృత్తలేఖినితో గోడకు కన్నం పెట్టి, అది ఎలుక పని అని చెప్పినందుకు క్షమించు. ఆ ఎలుక మాత్రం ఇంతవరకూ నన్ను ఒక్క మాట అనలేదు. ఇంతటి పాపాత్ముడు ఈ వీధిలోనే కాదు, పక్క వీధిలో కూడా ఉండడని మనవి. ఈ వాక్యం దగ్గర నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వుకో. ఇంకా రెండు పేజీలున్నాయి.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. పరీక్షల్లో నేనెప్పుడూ చేసినట్టే, తెలిసిన జవాబులు ముందు రాస్తాను.

అమ్మ మోకాళ్ళ మాత్రలు వేసుకుంటోందా అని అడిగావు. వేసుకుంటోంది. వేసుకునే ముందు, "నాకేం నొప్పి! అది చెప్పింది కాబట్టి మింగుతున్నా" అని మాత్రకు కూడా వినపడేలా చెప్పి మరీ మింగుతోంది. వంటింటి కుళాయి బాగుచేయించావా అని అడిగావు. చేయించాను. ఇప్పుడు చుక్క కూడా కారడం లేదు. తిప్పితే రావడమూ లేదు. ప్లంబరు రేపొస్తానన్నాడు. నాలుగు రోజులుగా అదే మాట మీద నిలబడ్డాడు.

ఇక మూడోది. దాని కింద నువ్వు రెండు గీతలు గీశావు. "దాన్ని రోజూ ఎన్ని గంటలు చదివిస్తున్నావురా? రివిజన్ కార్డు మీద అది నీ సంతకం దొంగగా పెట్టిందని బడి నుంచి నాకు ఉత్తరం వచ్చింది. నా కూతురు అలాంటి పిల్ల కాదు. నువ్వు మరీ రుద్ది రుద్ది చదివిస్తే భయపడి చేసిందా, నేను దగ్గర లేకపోబట్టి చేసిందా? నేను లేకపోబట్టే అయితే ఈ శిక్షణ నాకొద్దు. మధ్యలో వదిలేసి వచ్చేస్తాను" అని రాశావు. ఆ 'వచ్చేస్తాను' దగ్గర సిరా అలుక్కుపోయి ఉంది.

అక్కా, రాకు. ఎందుకు రాకూడదో చెప్పడానికే ఈ ఉత్తరం. ఆదివారం ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. పక్కన అమ్మ ఉంటుంది, అది ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఫోనైతే నేనేదో ఒక జోకు వేసి తప్పించుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

పరీక్షల ముందు పిల్లలు రోజూ ఎంతసేపు రివిజన్ చెయ్యాలన్న విషయమై, నువ్వు బస్సెక్కిన మర్నాడే నేను లోతైన పరిశోధన చేశాను. మేడ మీది రిటైర్డు పోస్టుమాస్టరుగారు, "ఆరు గంటలకు ఒక్క నిమిషం తగ్గినా అది చదువు కాదోయ్, కాలక్షేపం" అన్నారు. కింద దర్జీ, "తలనొప్పి రాగానే ఆపెయ్యాలి బాబూ. మిషనైనా వేడెక్కితే ఆపుతాం కదా" అన్నాడు. వాళ్ళబ్బాయికి పుస్తకం తెరవగానే తలనొప్పి వస్తుందిట. నేను డిగ్రీ చదివినవాణ్ణి కనుక ఆరునూ సున్నానూ కలిపి సగటు తీసి, రోజుకు మూడు గంటలని తేల్చాను. ఏడు రంగుల్లో టైంటేబుల్ గీశాను. గీయడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ కందిరీగ చదవలేదు, నాకు రంగులు అందించింది.

కందిరీగ అంటే నీ కూతురే. చదివినంతసేపూ ముక్కుతో ఝుమ్మంటూ వల్లెవేస్తుందని, నువ్వు వెళ్ళాక నేనిచ్చిన బిరుదు.

నా టైంటేబుల్‌ను అది మూడు రోజులు గౌరవించింది. నాలుగో రోజు దాన్ని మడిచి లెక్కల పుస్తకానికి అట్ట వేసుకుంది. "మావయ్యా, మూడు గంటలు కూచుంటే అందులో రెండు గంటలు గడియారమే చదువుతున్నా" అంది. ఆ తర్వాత దాని పద్ధతి అది కనిపెట్టుకుంది. సాయంత్రం వంటింట్లో అమ్మ బఠాణీలు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుంటుంది. పుస్తకం ఒళ్ళో మూసి ఉంటుంది. ఇవాళ్టి పాఠం, నిన్నటి పాఠం, పోయిన వారంలో ఏదో ఒక పాఠం, ఈ మూడూ అమ్మమ్మకు అర్థమయ్యేలా చెప్పాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడే పుస్తకం తెరవాలి. ప్రశ్నలు వెయ్యడం అమ్మ ఉద్యోగం.

"ఆకు తన అన్నం తనే వండుకుంటుందా? మరి పొయ్యి ఏదే?"

"సూర్యుడే పొయ్యి అమ్మమ్మా."

"అయితే ముసురు పట్టినన్నాళ్ళూ పస్తేనా?"

కందిరీగ నోరు తెరిచి, మూసి, పుస్తకం తెరిచేది. నేను గుమ్మంలో నిలబడి నవ్వేవాణ్ణి. బఠాణీలు అయ్యేసరికి చదువూ అయ్యేది. మొత్తం కలిపి ముప్పావు గంట. వారం పరీక్షలో సైన్సులో ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి. అమ్మకు పెట్టినా పదిహేను తగ్గవు.

కనుక నీ మూడో ప్రశ్నకు జవాబు ముప్పావు గంట. రుద్దలేదు. అసలు నేనేమీ చెయ్యలేదు. చెయ్యాల్సింది కూడా చెయ్యలేదు.

చెయ్యాల్సింది ఒకే ఒక్క పని. బడిలో గులాబీరంగు కార్డు ఇచ్చారు. పరీక్షల ముందు అరవై రోజులకు అరవై గళ్ళు. ఒక్కో గడిలో తేదీ, చదివిన సమయం, సంరక్షకుడి సంతకం ఉండాలి. రెండు గంటలకు తగ్గినా, సంతకం లేకపోయినా ఆ పూట వరండాలో నిలబెడతారు. బావ పోయాక బడి కాగితాల్లో సంరక్షకుడి గడిలో నువ్వే నా పేరు రాయించావు. "వాడు జోకులేస్తాడు గానీ నమ్మొచ్చండీ" అని బడి గుమాస్తాతో అన్నావు. నేను పక్కనే ఉన్నాను.

ప్రతి సాయంత్రం కందిరీగ ఆ కార్డు పట్టుకుని వచ్చేవేళకు నేను దర్జీ కొట్టు అరుగు మీద క్యారమ్స్ ఆడుతూ ఉండేవాణ్ణి. మొదట్లో గడిలో ఎంత రాస్తున్నానో కూడా చూసేవాణ్ణి కాదు, రెండని గీకి పంపేసేవాణ్ణి. ఇరవయ్యొకటో రోజున, నేను రెడ్ మీద గురి పెట్టిన సమయంలో నా మోచేతి కిందకు కార్డు తోసింది. గురి తప్పి రెడ్ చేజారింది.

"ఇటు తే తల్లీ, ఈ బాధ ఒక్కసారే వదిలించుకుందాం" అని కార్డును క్యారమ్స్ బోర్డు మీదే పరిచి, మిగిలిన నలభై గళ్ళలోనూ తేదీలు వేసి, 'మూడు గంటలు' అని రాసి, సంతకాలు పెట్టేశాను. నా సంతకం నీకు తెలుసుగా, చివర్న బల్లి తోకలా మెలితిరిగే గీతతో. నలభై బల్లులు వరస కట్టాయి.

"మావయ్యా, ఇంకా రాని రోజులకు కూడానా?"

"రాకుండా ఎక్కడికి పోతాయే? వస్తాయి."

"నేను చదివేది ముప్పావు గంటేగా. మూడని రాశావేం?"

"నా రంగుల టైంటేబుల్‌కి ఆమాత్రం మర్యాద ఉండొద్దూ?"

అది నవ్వలేదు. "టీచరు అడిగితే నేను నిజమే చెప్తాను" అంది.

"చెప్పు. వద్దన్నదెవరు?" అన్నాను. ఆట కూడా నేనే గెలిచాను.

ఇప్పుడు నువ్వు ఉత్తరం ఒళ్ళో దించేసి ఉంటావు. సంతకాలు వీడివే అయితే నా కూతురి మీద దొంగ అని ఎందుకు రాశారు అని అడుగుతావు. ఆ జవాబు దగ్గరికి నా చెయ్యి తిన్నగా వెళ్ళనంటోంది. కాస్త చుట్టు తిప్పి తీసుకెళ్ళనీ.

ఆ తర్వాత పన్నెండో రోజున లెక్కల టీచరు క్లాసులో ఒక్కొక్కరినీ లేపి ఎన్ని గంటలు చదువుతున్నారని అడిగింది. నాలుగన్నారు, అయిదన్నారు, ఒకడు ఏడున్నర అన్నాడు. కందిరీగ లేచి, "ముప్పావు గంటండీ" అంది. క్లాసంతా నవ్వింది. టీచరు కార్డు చూపించమంది. చూస్తే మూడు గంటలు. అదైనా ఆ రోజు వరకు కాదు, పరీక్ష ముందురోజు దాకా. అక్కడి నుంచి కార్డూ కందిరీగా హెడ్‌మేడమ్ గదికి వెళ్ళారు. ఎవరు పెట్టారే ఈ సంతకాలంటే, "మా మావయ్య" అని చెప్పింది. నాకు కబురొచ్చింది.

ఇక్కడ నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ బడిలోనే చిన్న తరగతులకు లెక్కలు చెప్పే తాత్కాలిక ఉద్యోగం ఖాళీ అయితే నేను దరఖాస్తు పెట్టాను. డిగ్రీ పట్టా పుచ్చుకుని రెండేళ్ళుగా రెడ్ కొడుతున్నవాణ్ణి కదా, వచ్చాక చెప్పి నిన్ను అదరగొడదామనుకున్నాను. కందిరీగకు ఒక్కదానికే తెలుసు. దరఖాస్తు ఇచ్చిరావడానికి వెళ్ళిన రోజున నా చొక్కా ఇస్త్రీ చేసింది అదే. కాలరు ఒక పక్క కాల్చింది కూడా.

ఆ గదిలో ఏం జరిగిందో చివర్లో రాస్తాను. ఆ తర్వాత జరిగింది ముందు విను. దాని క్లాసు లీడరు బ్యాడ్జి తీసేసుకున్నారు. రివిజన్ పీరియడ్‌లో ఆఫీసు గది బయట బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చోబెడుతున్నారు. వచ్చేపోయేవాళ్ళంతా చూస్తారు. ఇంట్లో అమ్మ, "ఎందుకు చేశావే ఆ పని? అడిగితే మావయ్య పెట్టడా?" అని బతిమాలి అడిగింది. "పొరపాటైంది అమ్మమ్మా" అంది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. అది నాతో మాట్లాడటం మానేసినా బాగుండేది. మామూలుగానే మాట్లాడుతోంది. "మావయ్యా, నీ ఉద్యోగం కాగితం వచ్చిందా?" అని నిన్న అడిగింది. రాలేదన్నాను. అప్పటికి అది నా చొక్కా జేబులో ఉంది.

అసలు సంగతి ఇది కూడా కాదక్కా. అది వంటింట్లోకి రావడం మానేసింది. అమ్మ బఠాణీలు ఒలుస్తూ గుమ్మం వైపు చూస్తోంది. కందిరీగ ముందు గదిలో తలుపు దగ్గరగా వేసుకుని, పుస్తకం తెరిచి, గోడగడియారం ఎదురుగా మూడు గంటలు కూర్చుంటోంది. ఝుమ్మని చప్పుడు లేదు. నేను కార్డులో రాసిన అబద్ధాన్ని అది రోజూ కూర్చుని నిజం చేస్తోంది. ఈ వారం సైన్సులో ఇరవైకి పదకొండు. పరీక్షలకు ఇంకా పదిహేను రోజులే ఉంది.

కాబట్టి నువ్వు శిక్షణ వదిలేసి రాకు. నువ్వు దగ్గర లేకపోవడం వల్ల జరిగింది కాదిది. నేను దగ్గరుండడం వల్ల జరిగింది. ఈ ఉత్తరం అతికించి, రేపు పొద్దున్న బడికి వెళ్ళే దారిలో మూల మీది తపాలా డబ్బాలో వేస్తాను. ముందు ఇది వేస్తే ఇక వెనక్కి తిరగడానికి ఉండదు. తర్వాత హెడ్‌మేడమ్ గదికి వెళ్తాను. జేబులో కాగితం ఆవిడ బల్ల మీద పెట్టేస్తాను. ఆవిడకు చెప్పేది ఆ లెక్కల టీచరు ఎదుట, దాని క్లాసు ఎదుట కూడా చెప్పనిమ్మని అడుగుతాను. సాయంత్రం కందిరీగ ఎదుట కూర్చుంటాను. దానికేం చెప్పాలో మాత్రం ఇంకా తెలియలేదు. జోకు వెయ్యనని మాత్రం నిర్ణయించుకున్నాను.

ఇక ఆ గది. బల్ల మీద గులాబీ కార్డు. దాని పక్కనే గాజు గుండు కింద నా దరఖాస్తు, అడుగున నా సంతకం. కందిరీగ బీరువా పక్కన నిలబడి ఉంది. నన్ను చూడగానే దాని భుజాలు తేలికపడ్డాయి. తను ఎక్కాల్సిన బస్సు మలుపు తిరిగి వస్తున్నట్టు చూసింది నా వంక.

"రేపో మాపో మా దగ్గర చేరవలసినవాడివి, నువ్విలా చేస్తావని నేననుకోను బాబూ" అంది హెడ్‌మేడమ్. "ఈ సంతకాలు నువ్వు పెట్టినవేనా?"

కందిరీగ నన్ను చూసింది. తర్వాత గాజు గుండు కింది దరఖాస్తును చూసింది. నేను చెప్పింది చెప్పాక, అది తల దించుకుని, "నేనే పెట్టాను మేడమ్" అంది. జానెడు దూరంలో కార్డు మీది బల్లులూ దరఖాస్తు మీది బల్లీ తోకలు మెలితిప్పుకుని పక్కపక్కనే ఉన్నాయి. పోల్చి చూడాలని ఎవరికీ తోచలేదు. పెద్దవాడు ఒకసారి మాట చెప్పాక పిల్ల మాట చూసేదెవరు?

మొదట్లో అడిగిన క్షమాపణలన్నీ కొట్టేసుకో అక్కా, ఎలుకది కూడా. వాటన్నిటి స్థానంలో ఒక్కటే ఉంచు. నువ్వు నమ్మొచ్చన్న మనిషి, నీ కూతురు చూస్తుండగా, ఆ నలభై సంతకాల మీద చూపు నిలిపి, "కాదండీ, నావి కావు" అన్నాడు.

ఇట్లు,
కందిరీగ మావయ్య, నీ తమ్ముడు

(పైన పేరు చివర తోక చూడు. కార్డు మీద ఉన్నదీ ఇదే.)