మీ అబ్బాయి ‘ఊఁ’ అన్న సంగతి

పూజ్యులైన అత్తయ్యగారికి,

మీ కోడలు నమస్కరించి రాసుకుంటున్నది. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. మీ మోకాళ్ల నొప్పులు తగ్గాయని, వేళకింత తింటున్నారని అనుకుంటున్నాను. మీరు ఫోన్ ఎత్తడం మానేశారు కాబట్టి కాగితం పట్టుకున్నాను. కోడలి ఫోన్ మోగితే ఊరుకుంటారు గానీ, కోడలి ఉత్తరం వస్తే విప్పకుండా ఉండలేరని నాకు తెలుసు.

మీ ఉత్తరంలో ఇల్లెలా ఉందని అడిగారు కదా. కింది వాటా, రెండు గదులు. వెనక కిటికీ తీస్తే పక్కింటి గోడ, ముందు కిటికీ తీస్తే రోడ్డు దుమ్ము. మేడమీద ఉండే ఇంటావిడని పిన్నిగారని పిలుస్తున్నాం. మంచావిడే గానీ ఆవిడ లోకమంతా నీళ్ల ట్యాంకే. మేం ఏం మాట్లాడుకున్నా నీళ్ల గురించేమోనని మెట్ల మీద నుంచి తొంగి చూస్తుంది. మీ మనవరాలు బడికి అలవాటు పడింది. ఇక్కడి పిల్లల యాస అప్పుడే పట్టేసి, నన్నే వెక్కిరిస్తోంది.

పని సంగతి కూడా అడిగారు. రేకు డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో ఆయన రేకుని అదిమే అచ్చు మిషన్ మీద ఉంటారు. అది దిగినప్పుడల్లా నేల అదురుతుంది. ఒకసారి క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి గేటు దగ్గరే చెవులు మూసుకున్నాను. చెవుల్లో పెట్టుకోమని వాళ్లు స్పాంజి ముక్కలు ఇస్తారట గానీ, అవి పెట్టుకుంటే పక్కవాడు ‘చెయ్యి తియ్యి’ అని అరిచినా వినపడదని ఎవరూ పెట్టుకోరు. చేతులు మిగిలితే చాలనుకుంటారు.

ఇక ఆదివారాలు మమ్మల్ని ఎక్కడికైనా తిప్పుతున్నాడా అన్నారు. తిప్పుతున్నారు, ఆ లోటు లేదు. కాకపోతే ఆ తిప్పుడే నాకు అంతుపట్టేది కాదు. కొత్త చోటికి వచ్చాం కదా, ఒక తోటకో చెరువు గట్టుకో తీసుకెళ్తారనుకుంటే, రైల్వే స్టేషన్‌కి తీసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెట్టేవారు. ఇంకో వారం ఆనకట్ట గేట్లు ఎత్తారని అక్కడికి. ఆ నీళ్ల హోరులో నేను అరిస్తే ఆయనకి వినపడదు, ఆయన అరిస్తే నాకు వినపడదు. చేతులతో సైగలు చేసుకుంటుంటే ఆయన ముఖం పెళ్లినాటి ముఖంలా వెలిగిపోయింది. మరో వారం రంగులరాట్నం దగ్గరికి, అదీ మైకు పక్కనే నిలబడాలి. ఇదేం సరదా, ఇంట్లో నోరు విప్పని మనిషికి వీధిలో ఇంత గోల కావాలా అని విసుక్కునేదాన్ని. ఏం చెప్పినా ‘ఊఁ’. ఉప్పు తెమ్మంటే ‘ఊఁ’, జ్వరంగా ఉందంటే ‘ఊఁ’. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకని ఆయన ఎదుటే అనేశాను ఒకసారి. దానికీ ‘ఊఁ’ అన్నారు.

చివరికి పోరుపెట్టి చెరువు దగ్గరికి నేనే లాక్కెళ్లాను. ప్రశాంతంగా ఉంది, ఆకు రాలినా తెలుస్తోంది. ఆయన మాత్రం ముళ్లమీద కూర్చున్నట్టు కూర్చున్నారు. నేను టీ తేవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి చిన్నది మెడలోతు నీళ్లలో ఉంది, బెలూన్లమ్మే అతను బెలూన్లన్నీ వదిలేసి దాన్ని జబ్బ పట్టుకుని లాగుతున్నాడు. ఆయన రెండడుగుల దూరంలో అటు తిరిగి రోడ్డు వైపు చూస్తున్నారు. దాన్ని ఒడిలో వేసుకుని అడిగితే, వణుకుతూ చెప్పింది:

“నీళ్లలోకి దిగనా అని నాన్నని అడిగానమ్మా. ఊఁ అన్నాడు.”

ఆ రాత్రి ఆయన్ని అనరాని మాటలన్నాను. తర్వాత వారం రోజులు మా మధ్య మాటల్లేవు.

అప్పుడు వచ్చింది మీ ఉత్తరం. నాకంటే ముందు ఆయనే విప్పి చదివారు. ‘నన్ను మర్చిపోయావా నాన్నా అని అడిగితే ఊఁ అన్నాడు నా కొడుకు. ఇక నేనెందుకు ఫోన్ చెయ్యాలి’ అని రాశారు మీరు. ఆయన ఆ కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చి, “అమ్మ అలా అడిగిందా?” అన్నారు. “మీరే కదా ఫోన్ పట్టుకున్నది, మీకు తెలీదా?” అన్నాను. అప్పుడు పొయ్యి పక్కనే కూలబడి ఏడ్చారు. పెళ్లయ్యాక ఆయన ఏడవడం నేను చూడలేదు.

అత్తయ్యా, ముగ్గురం బాగున్నామని మొదట రాశాను. అది ఉత్తరం మర్యాద. ఆయనకి వినపడటం లేదు. చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఎడమ చెవి పోయింది, కుడి చెవిలో కాస్త మిగిలింది, పోయింది తిరిగి రాదన్నాడు. ఇలా పోయేటప్పుడు సన్నని గొంతులు ముందు పోతాయట. సూపర్‌వైజరు బొంగురు గొంతు ఇంకా వినపడుతోంది ఈయనకి. నాదీ, పిల్లదీ, మీదీ పోయాయి. పని మారమన్నాడు డాక్టరు. మారితే చెవిటివాడినని చెప్పాలి, చెబితే ఎవడు తీసుకుంటాడంటారు ఈయన. రేపు మళ్లీ ఆ మిషన్ మీదికే వెళ్తారు. నాకు భయంగా ఉంది.

“తన గొంతే ముందు పోయిందని అమ్మకి చెప్పకు” అని నాచేత ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు ఇప్పుడు గట్టున పెట్టాను. పాపమైతే నాకే రానివ్వండి.

ఇన్నాళ్లూ ఎందుకు ‘ఊఁ’ అన్నారని అడిగాను. ఫోన్లో ఏదో గొంతు ఉన్నట్టు తెలుస్తుందట గానీ మాటలు విడివిడిగా అందవట. చిన్నప్పుడు మీరు కథ చెబుతుంటే ఊ కొట్టడం ఆపితే, నిద్రపోయాడనుకుని ఆపేసేవారట కదా.

“ఊఁ అనకపోతే అమ్మ ఆపేస్తుంది,” అన్నారు.

మీరు రావాలి. మోకాళ్ల నొప్పులున్నా రావాలి. ఎదురుగా కూర్చుని నెమ్మదిగా మాట్లాడితే పెదాలు చూసి పోల్చుకుంటున్నారు. పిల్ల అప్పుడే నేర్చుకుంది, నాన్న గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని గానీ ఏదీ అడగడం లేదు. వచ్చేదాకా ఉత్తరాలు రాయండి, ఆయన పేరు మీదే. మీ మాట ఇక ఆయన చదువుకోవాల్సిందే.

మీరడిగింది మాత్రం నిన్న నేనే మళ్లీ అడిగాను. దీపం కింద కూర్చోబెట్టి, ఒక్కో మాటా విడదీసి పలుకుతూ, “మీ అమ్మని మర్చిపోయారా?” అన్నాను. నా నోటికేసి చాలాసేపు చూసి, “లేదు” అన్నారు. తన గొంతు తనకే వినపడదు కదా, ఎంత గట్టిగా అన్నారంటే, మేడమీద పిన్నిగారు గబగబా దిగొచ్చి తలుపు కొట్టింది.

“ఏంటమ్మా లేదంటున్నారు, నీళ్లు లేవా?” అని.

ఇట్లు,
మీ రాక కోసం చూస్తూ,
మీ కోడలు