గోడలు కూలిన పొడి

శ్రీమతికి, ఇక్కడ నేనూ అమ్మాయీ క్షేమమే. కానీ మా మధ్య మాటలు లేవు.

నీ కూతురు తయారుచేసే కర్బన పదార్థపు పొడిలో కంటికి కానరాని రంధ్రాలుంటాయి. వాటి అమరికను కనుక్కోవడమే అమ్మాయి పరిశోధన. నిన్న పొడిని తొందరపడి ఎండబెట్టి, "నాన్నా, రంధ్రాలన్నీ కూలిపోయాయి!" అని ఏడ్చింది.

"రంధ్రాలు పూడుకుపోతాయమ్మా. కూలేవి గోడలు" అన్నాను.

"ఆ రంధ్రాల గోడలే కూలాయి! ఏడాది కష్టం బూడిదైపోతే మీకు క్రియాపదం కావాలా?" అని తలుపు వేసుకుంది. పరిశోధన మానేస్తుందట! ఇంత మొండితనం ఎవరి పోలికో నాకు అర్థం కాదు.

పెరటి కుళాయి బాగుచేయించావా? నా ఉన్ని శాలువా పంపు. ముఖ్యంగా, మానవద్దని దానికి నచ్చజెబుతూ నాలుగు వాక్యాలు రాయి. నేను నోరు తెరిస్తే వ్యాకరణమే వస్తోంది. నీ ఉత్తరంలో తప్పులున్నా దిద్దకుండా అందిస్తాను.

చిన్నవాడికి ఆశీస్సులు.