పదమూడు దగ్గర మొరాయించిన ముల్లు

డెల్బర్ట్,

కోత యంత్రాల వెంట నువ్వు డకోటా చేరావు, నీ ఒంటినిండా గోధుమ దుమ్ము. ఇక్కడ కాన్సాస్‌లో నాకు మోచేతుల దాకా నల్లనూనె. నువ్వు వెళ్ళేలోగా మన పాత ట్రక్కు ఇంజను మొత్తం విప్పి బిగించాను కదా, తాళం తిప్పగానే లేచింది! ఆ సంబరం ఎంతోసేపు లేదు. నువ్వు వెళ్ళాక, ఇంజను గాలి ఎంత బలంగా పీలుస్తోందో చూద్దామని వ్యాక్యూమ్ గేజి పెట్టాను. ముల్లు పద్దెనిమిది దాటాలి, పదమూడు దగ్గర మొండికేసింది. గాలి కారుతోందేమోనని కార్బురేటర్ కింది గాస్కెట్ మార్చాను, గొట్టాలన్నీ తడిమాను, వాల్వుల సందులు మళ్ళీ సరిచేశాను. ఉహూ!

ఫోన్లో నువ్వన్న మాట గుచ్చుకుంది. "టైమింగ్ గొలుసు ఒక పన్ను తప్పించి వేసుంటావులే. అలా వదిలెయ్, నేనొచ్చి విప్పుతా." అందుకే నీకు చెప్పని సంగతి ఇప్పుడు చెబుతున్నాను. బడిలో వంటపని మానేశాను. హార్లన్ పెద్దాయన గ్యారేజీకి మెకానిక్కు కావాలట. నన్ను పెట్టుకోమని అడిగితే, "ఆ ట్రక్కు జబ్బేంటో శనివారంలోగా నువ్వే కనిపెట్టమ్మాయ్, పని నీదే. లేకపోతే మళ్ళీ గరిటె పట్టుకో" అన్నాడు. అక్కడున్నవాళ్ళంతా ఒకటే నవ్వు. నాకు ఆ పని కావాలి డెల్బర్ట్, ఇంతగా ఏదీ కోరుకోలేదు.

నీ
లవాన్


డెల్బర్ట్! దొరికింది, దొరికింది!

వాల్వులను నడిపే ఆ గొలుసు కోసం రేడియేటర్ దించబోతూ ఆగిపోయాను. ముల్లు కిందే ఉంది గానీ వణకడం లేదు. వాల్వు చెడితే కొట్టుకోవాలి కదా! సిలిండర్లన్నీ ఒకేలా నీరసపడ్డాయంటే, గొలుసు కాకపోతే నిప్పురవ్వే ఆలస్యంగా పడుతోందేమో. మరి అది ఇన్నాళ్ళూ ఎందుకు చూడలేదు? వెళ్ళేముందు నువ్వు లైటు పెట్టి, ఇంజను ముందున్న పుల్లీ చక్రం మీది గీత చూసి, "రవ్వ పడే టైమింగు సరిగ్గా ఉంది, దాని జోలికి పోకు" అన్నావు గనక. ఊళ్ళో ఎవరి మాటా వినని దాన్ని, నీ మాట బైబిలు వాక్యమనుకున్నాను.

మొదటి సిలిండర్ ప్లగ్గు తీసి, సన్నటి పుల్ల దింపి, పిస్టన్ పూర్తిగా పైకొచ్చేదాకా ఇంజన్ను రెంచితో తిప్పాను. అప్పుడు పుల్లీ మీది గీత సున్నా దగ్గరుండాలి. బొటనవేలంత దూరంలో ఉంది! పుల్లీ బయటి చక్రాన్ని పట్టి ఉంచే రబ్బరు ముసలిదై, గీతతో సహా చక్రం జారింది. నువ్వు చూడటం సరిగ్గానే చూశావు నాయనా, గీతే అబద్ధమాడింది.

హార్లన్‌ను పిలుచుకొచ్చి, ఆయన ఎదుటే నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్ వదులుచేసి కొంచెం కొంచెంగా తిప్పాను. పదిహేను, పదిహేడు, పంతొమ్మిది! ఇంజను గొంతే మారిపోయింది.

"గొలుసు విప్పలేదూ?" అన్నాడు పెద్దాయన.

"లేదు."

"నేనైతే విప్పేసేవాణ్ణే పిల్లా! సోమవారం పొద్దున్నే వచ్చెయ్."

ఫెండరు మీద తలవాల్చి భోరుమని ఏడ్చాను, సంతోషం పట్టలేక.

పనికి వెళ్తున్నాను. అడగడం లేదు, చెబుతున్నాను. నిన్ను అడిగేది ఒక్కటే. నువ్వొచ్చాక ఈ ఇంజను ఎవరు బాగుచేశారని ఎవరైనా అడిగితే, "మేం చేసుకున్నాం" అనకు. "మా ఆవిడ" అను.

హార్లన్ గ్యారేజీ మెకానిక్,
లవాన్