మూడు పేర్ల తరువాత

బావగారికి,

మీ కొత్త వ్యాసం చివరి రిఫరెన్సులన్నీ మీరు పంపబోయే పత్రిక పద్ధతిలోకి మార్చి పంపుతున్నాను. కామాలు, పేజీ నంబర్లు సరిచూశాను. వంక పెట్టడానికేమీ లేదు.

ఏ పాత పరిశోధనకైనా మూడు పేర్లే ఇవ్వాలట. మిగతావాళ్లంతా "తదితరులు". మన బూజు పరిశోధనకి మొదట మీ పేరు, తరువాత డైరెక్టరుగారిది, మూడోది మీ తమ్ముడిది. నాలుగోది నాది. దాన్ని నా చేత్తోనే కొట్టేశాను.

అది అచ్చుకి పంపేముందు మూడో చోటు నాదే. "మావాడి ప్రమోషనుకి పనికొస్తుందమ్మా, ఒక్క మెట్టు కిందికి జరిగితే నీ సొమ్మేం పోయింది?" అన్నారు మీరు. అక్క కోసమని ఒప్పుకున్నాను. బూజు పెంచిన గదిలోకి మీ తమ్ముడు తొంగి కూడా చూడలేదు. నా చేతులకి మాత్రం ఆ వాసన ఏడాదంతా వదల్లేదు.

ఇందాక అక్క మీ భోజనం డబ్బా ఇవ్వడానికి ల్యాబుకి వచ్చి, నా బల్ల మీద ఈ కాగితాలు చూసింది. "నీ పేరేదే?" అంటూ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మళ్లీ వెతికింది. పత్రిక రూలు సంగతి చెప్పాను. తల ఊపింది. తరువాత మూడో పేరు మీద వేలు పెట్టి, "మా మరిది ఎప్పుడు చేశాడే ఈ పని?" అంది.

ఆ జవాబు మీకే వదిలేశాను. సాయంత్రం అడుగుతుంది.

మీ మరదలు