ఈ కోర్సు ఎన్నాళ్ళు?

సోమవారం

చిరంజీవి కోడలికి,

మీ అత్తయ్య దీవించి రాసేది. ఇక్కడ నేనూ నా మోకాలూ షాపూ క్షేమం. మీరు ముగ్గురూ క్షేమమని తలుస్తాను.

ఫోన్‌లో నువ్వు చెప్పినదాంట్లో సగం నాకు వినపడదు, వినపడిన సగం గుర్తుండదు. పైగా నలభై ఏళ్ళు మందుల షాపు నడిపినదాన్ని. నోటిమాట మీద జలుబు మాత్ర కూడా ఇచ్చి ఎరగను. కాబట్టి ఏ సంగతైనా కాగితం మీద పెట్టు.

విషయం ఇది. ఈ నెలాఖరు శనివారం షాపు అప్పగించేస్తున్నాను. తీసుకుంటున్న అమ్మాయి కుదురైన మనిషి, సీసాల మీద అక్షరాలు రెండుసార్లు చదువుతుంది. ఆ రోజు షట్టరు దించి ఇంటికి వచ్చేసరికి మీరు ముగ్గురూ నా బల్ల దగ్గర కూర్చుని ఉండాలని నా కోరిక. నా మేనల్లుడు, అదే నీ మొగుడు, ఆరేళ్ళప్పుడు చదువుకోవడానికి నా దగ్గరికి వచ్చి, మీసాలు మొలిచాక వెళ్ళాడు. అలాంటివాడు రెండేళ్ళుగా నా గడప తొక్కలేదు. మొదట పని ఒత్తిడి అన్నాడు. తర్వాత బండి చెడిందన్నాడు. పోయినసారి వాన అన్నాడు. మర్నాడు పేపరు చూశాను, మీ ఊళ్ళో ఆ రోజు ఎండ కాసింది.

నా వల్ల ఏదైనా పొరపాటు జరిగితే నువ్వైనా దాచకుండా రాయి. సరిచేసుకుంటాను.

ఆశీస్సులతో,
అత్తయ్య

తా.క.: వాడి కేకు చేస్తానని చెప్పు. మూడు గుడ్లు, గిన్నెడు వెన్న, ఎప్పటి లెక్కే. నా కోసం రాకపోయినా దాని కోసం వస్తాడు.


గురువారం

పూజ్యులైన అత్తయ్యగారికి,

మీ కోడలు నమస్కరించి రాసేది.

మీ వల్ల పొరపాటా! ఎంత మాట! ఆ ముక్క చదివి మీ అబ్బాయి నీళ్ళు తాగడం ఆపేసి గ్లాసు అలాగే పట్టుకున్నారు. మీకు జవాబు రాయడానికి తనకి మొహం చెల్లడం లేదట, నన్ను రాయమన్నారు. ఏం రాయాలో మాత్రం చెప్పలేదు. అందుకని ఉన్నదున్నట్టు రాసేస్తున్నాను.

రెండేళ్ళ క్రితం ఆయన కొన్ని తినడం మానేశారు. మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగు, వెన్న, జున్ను, తేనె. ఒక్కొక్కటిగా కాదు, అన్నీ ఒక్క రోజులో. నెల తిరక్కుండా నాకూ మొదలైంది. ఇంకో ఆర్నెల్లకి మా నాలుగేళ్ళ పిడుగుకి కూడా. దీన్ని వీగన్ అంటారు. మీకు కాగితం మీద ఉంటేనే నమ్మకం కదా, జాబితా విడిగా రాసి జత చేశాను.

ఇంట్లో పెద్ద ఇబ్బంది లేదు. పాలు ఓట్స్‌తో చేసుకుంటాం. ఎటొచ్చీ ఎవరింటికైనా భోజనానికి వెళ్ళాలంటేనే బెరుకు. మీకు శ్రమ ఇవ్వడం ఎందుకని ఆయన ఇన్నాళ్ళూ సాకులు చెబుతూ వచ్చారు. వాన సాకు మాత్రం నాది, క్షమించండి.

మీ విధేయురాలు,
కోడలు

తా.క.: కేకు సంగతి ఏమీ రాయొద్దని ఆయన మరీమరీ చెప్పారు. అందుకే ఏమీ రాయడం లేదు.


ఆదివారం

చిరంజీవి కోడలికి,

అత్తయ్య ధైర్యం చెప్పి రాసేది.

నీ ఉత్తరం రెండుసార్లు, జాబితా ఆరుసార్లు చదివాను. ఇంత బరువు రెండేళ్ళుగా మీరిద్దరే మోస్తున్నారన్నమాట.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. చీటీలో రాసింది ఇస్తాం, రోగం అడగం. షాపుకి వచ్చినవాడు తనంతట చెబితే వింటాం, లేకపోతే పొట్లం కట్టి పంపుతాం. నీ జాబితాని కూడా అలాగే అందుకున్నాను. ఏమీ అడగను. జాగ్రత్తలు తీసుకోవడానికి మాత్రం మూడు సంగతులు తెలియాలి. ఈ కోర్సు ఎన్నాళ్ళు? భోజనానికి ముందు పాటించాలా, తర్వాతా? ముందు వాడికి, నెలకి నీకు, ఆర్నెల్లకి పసిదానికి వచ్చిందన్నావు. ఆ వరసలో ఇంకెవరికైనా వచ్చిందా?

ఇక్కడి ఏర్పాట్లు మొదలుపెట్టాను. మీ కోసం విడిగా గిన్నెలు, గరిటెలు, పళ్ళేలు కొన్నాను. అన్నిటినీ ఇరవై నిమిషాలు మరిగించి, ఎర్రదారం కట్టి, పై అరలో పెట్టాను. మీ తువ్వాళ్ళు వేరు, సబ్బు వేరు. కిటికీలు రెండూ బాగా తెరుచుకునే గది మీకు.

కేకు ఈసారి చేయను. ఎందుకని ఎవరూ అడగవద్దు.

మీ మేలు కోరే
అత్తయ్య

తా.క.: నువ్వు రాసిన పేరు మా మందుల నిఘంటువులో వెతికాను, లేదు. అది పదేళ్ళ కిందటి కూర్పు. కొత్తది తెప్పిస్తున్నాను.


బుధవారం

పూజ్యులైన అత్తయ్యగారికి,

మీ కోడలు సంతోషం పట్టలేక రాసేది.

గిన్నెలు మరిగించారా! మా అమ్మ ఇప్పటికీ "ఒక్క చెంచాడు వెన్నకే కొంప మునిగిపోతుందా?" అంటుంది. మీరేమో ఎర్రదారాలు కట్టారు. ఇంత నిష్ఠ మాకే లేదు. సబ్బు సంగతి ఎలా పట్టారు అత్తయ్యగారూ? కొన్ని సబ్బుల్లో జంతువుల కొవ్వు ఉంటుందని నాకే మొన్నటిదాకా తెలియదు. కిటికీలు ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

కోర్సు ఎన్నాళ్ళన్నారు. జీవితాంతం. ముందా తర్వాతా అంటే, భోజనంలోనే. ఇంకెవరికైనా వచ్చిందా అన్నారు, అడిగినందుకు ఎంత సంతోషమో! మా వల్లే ఎదురింటి దంపతులకి మొదలైంది. మీ అబ్బాయి వర్క్‌షాపులో ఇద్దరికి. బడిలో పిడుగు పక్కన కూర్చునే పిల్లకి కూడా వచ్చేసింది. వాళ్ళమ్మ మా ఇంటి మీదికి గొడవకి వచ్చింది. నెలకోసారి అందరం మా ఇంట్లోనే చేరి భోంచేస్తాం. ప్రతిసారీ ఒకరిద్దరు కొత్తవాళ్ళు ఉంటారు.

బయట తినడమే పెద్ద తతంగం. మొన్న ఆదివారం హోటల్‌కి వెళ్ళి, జున్ను, అదే ఆ చీజ్, లేకుండా శాండ్‌విచ్ తెమ్మని సర్వరుకి మూడుసార్లు చెప్పాం. పైనంతా తెల్లగా తెచ్చిపెట్టాడు.

"ఇదేమిటి బాబూ?" అన్నారు మీ అబ్బాయి.

"జున్ను లోపల వేయలేదు సార్. ఊరికే పైన చల్లాం."

"చల్లినా జున్నే కదయ్యా?"

"సన్నగా తురిమాం సార్. ఉన్నట్టే తెలీదు."

ఇంతలో పిడుగు తన సూపు గిన్నెలోకి తొంగిచూసి, "అంకుల్, ఇందులో ఎవరున్నారు?" అని గట్టిగా అడిగింది. పక్క బల్లల వాళ్ళు చెంచాలు కింద పెట్టేశారు. సర్వరు లోపలికి వెళ్ళి వంటమాస్టరుని పిలుచుకొచ్చాడు. ఆయన దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "ఎవరూ లేరు తల్లీ, క్యారెట్లే" అని ఒట్టేస్తే గానీ అది చెంచా ముట్టుకోలేదు.

ఒక్క సంగతి మనసులో పీకుతోంది. కేకు చేయనని రాశారే, అది చదివి ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. "ఎలాగూ తినలేని కేకు చేయకపోతే మీకేం బాధ?" అన్నాను. "నీకు అర్థం కాదులే" అన్నారు. నిజంగానే కాలేదు. మా మీద మీకు కోపం వచ్చిందా?

అయోమయంలో ఉన్న
మీ కోడలు

తా.క.: ఆయన తొమ్మిది కిలోలు తగ్గారు. పాత ప్యాంట్లన్నీ జారిపోతున్నాయి. చూస్తే మీరు గుర్తు పట్టలేరు!


శుక్రవారం

చిరంజీవి కోడలికి,

అత్తయ్య వెంటనే జవాబు కోరి రాసేది.

తొమ్మిది అన్న అంకె దగ్గర కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివాను. తొమ్మిదే. దాని పక్కన ఆశ్చర్యార్థకం పెట్టావు. ఆ గుర్తు అక్కడ ఎందుకుందో నాకు అంతుపట్టలేదు.

నలభై ఏళ్ళలో మొదటిసారి నియమం తప్పుతున్నాను. ఏమిటా రోగం? ఎవరు చూస్తున్నారు? రిపోర్టుల నకళ్ళు పంపు. షాపు పక్క గదిలో ఉండే డాక్టరుగారికి పేర్లు చెప్పకుండా లక్షణాలు చెప్పాను. మనిషి నుంచి మనిషికి పాకుతూ పోయి గుడ్డు మాన్పించే జబ్బు తాను చదవలేదన్నారు. కాసేపు ఆలోచించి, "కొత్తదైతే దీని మీద మొట్టమొదటి వ్యాసం నేనే రాస్తాను" అన్నారు. ఆ ఉత్సాహం నాకు నచ్చలేదు.

నెలనెలా జరిగే ఆ భోజనాలు వెంటనే ఆపండి. కొత్తవాళ్ళని గుమ్మం బయటే ఉంచండి. గోడవైపు తిరిగి పడుకున్నాడన్నావు, ఎడమ పక్కకా, కుడి పక్కకా? ఎన్ని గంటలు?

నాకు కోపం లేదు. మీరు ప్రయాణం చేసే స్థితిలో లేకపోతే చెప్పండి, షాపు తాళాలు ఆ అమ్మాయికి ఇచ్చేసి నేనే వస్తాను. నాకు అంటుకుంటుందని జంకవద్దు. వాడికి ఆటలమ్మ పోసినప్పుడూ పక్కన పడుకున్నది నేనే.

మీ
అత్తయ్య

తా.క.: ఇది చదివాక చేతులు సబ్బుతో కడుక్కో. నీ ఉత్తరాలు నేను పట్టకారుతో తిప్పుతున్నాను, మరోలా అనుకోకు.


సోమవారం

అత్తయ్యగారూ,

నమస్కారం. రోగం లేదు! ఎవరికీ లేదు! ముందు కూర్చోండి.

మా ముగ్గురికీ దుక్కలాంటి ఆరోగ్యం. ఆయన తగ్గింది సైకిల్ మీద పనికి వెళ్ళడం వల్ల. మేం ఇవన్నీ మానేసింది ఎవరో మానమన్నందుకు కాదు, మా ఇష్టంతో. ఆయనది చల్లబరిచే యంత్రాలు బాగుచేసే పని కదా, ఒకసారి పాలకేంద్రానికి వెళ్ళారు. వెనక షెడ్డులో తల్లి దగ్గర్నుంచి తీసుకొచ్చి కట్టేసిన దూడ ఒకటుంది. ఈయన పక్కనుంచి వెళ్తుంటే వేలు నోట్లో పెట్టుకుని చీకడం మొదలుపెట్టిందట. ఇంటికొచ్చి పాలగ్లాసు పక్కకి జరిపారు. అంతే, మళ్ళీ ముట్టలేదు. కారణం మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. మీకు తెలిసే ఉంటుందని నేను, నేను చెప్పకూడదనుకుంటున్నానని మీరు!

ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. మీ ఇంటికి రాకపోవడానికి అసలు కారణం ఆ కేకే. నిన్న బలవంతపెడితే నోరు విప్పారు. "మూడు గుడ్లూ గిన్నెడు వెన్నా పోసి, చెయ్యి పడిపోయేలా గిలక్కొట్టి చేసేది అత్త. తినలేను. వద్దని ఆవిడ మొహం మీద అనలేను. అందుకని వెళ్ళడమే మానేశాను" అన్నారు. ఇప్పుడు మీరే చేయనని రాసేసరికి, మీ మనసు విరిగిపోయిందని బెంగ పెట్టుకున్నారు.

ఆ కేకుని మాకు పనికొచ్చేలా చేద్దామని పదకొండుసార్లు ప్రయత్నించాం. గుడ్లకి బదులు ఒకసారి అరటిపండు, ఒకసారి అవిసెగింజల పొడి, ఒకసారి శనగలు ఉడికించిన నీళ్ళు నురగ వచ్చేదాకా గిలక్కొట్టి పోశాం. వెన్నకి బదులు కొబ్బరినూనె. ఐదోది మధ్యలో కూలింది. ఏడోదాన్ని తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాం, బాగా పనిచేసింది. తొమ్మిదోది పిడుగు తన బొమ్మకి కుర్చీగా తీసుకుంది. ప్రతిసారీ ఆయన ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఇది కాదు" అంటారు.

శనివారం వస్తామా లేదా అన్నది ఇప్పటికీ తేలలేదు. సంచి సర్దుతారు, మళ్ళీ విప్పుతారు. ఏం చెయ్యమంటారు?

మీ కోడలు

తా.క.: మీ జాగ్రత్తలన్నీ ఎదురింటి దంపతులకి చెప్పాను. అప్పట్నుంచి వాళ్ళు గంటకోసారి చేతులు కడుక్కుంటున్నారు. ఎందుకో వాళ్ళకీ తెలియదు, అడిగితే బాగుండదని ఊరుకున్నారట.


బుధవారం

చిరంజీవి కోడలికి,

అత్తయ్య తప్పు ఒప్పుకుని రాసేది.

నీ ఉత్తరం చదివి చాలాసేపు షాపు స్టూలు మీదే కూర్చుండిపోయాను. మందు అడగడానికి వచ్చినవాళ్ళు నాకే మందు కావాలేమోనని చూశారు. పట్టకారు సొరుగులో పెట్టేశాను. ఎర్రదారాలు విప్పేశాను. డాక్టరుగారికి చెబితే ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు.

ఇక అసలు విషయం. ఆ కేకులో గుడ్డు లేదు. వెన్న లేదు. పాలు లేవు. ఏనాడూ లేవు.

వాడు నా దగ్గరికి వచ్చిన మొదటి వారమే ఎదురు బేకరీలో కేకు కొనిపెట్టాను. గంటలో ఒళ్ళంతా దద్దుర్లు, పెదవి వాపు. గుడ్డూ పాలూ రెండూ పడవని తేలింది. వాడికి మాత్రం వేడి చేసిందని చెప్పి, ఇంట్లోకి అవి తేవడం మానేశాను. తగ్గాక నూనె, నీళ్ళు, వంటసోడా, వెనిగరు తూకం ప్రకారం కలిపి నేనే ఒక కేకు చేసి ముందు పెట్టాను. వాడు పళ్ళెం నెట్టేసి, "ఇది రోగులు తినేదా అత్తా?" అన్నాడు. ఆరేళ్ళవాడు. అమ్మా నాన్నా దగ్గర లేరు, బడి కొత్త, మంచం కొత్త. ఆ మాటకి నాకు నోట్లోంచి వచ్చేసింది: "కాదురా, ఇందులో మూడు గుడ్లు, గిన్నెడు వెన్న ఉన్నాయి." మొత్తం తిన్నాడు.

ఒకసారి అన్నాక నిలబెట్టుకోవాలి కదా. పచ్చసొన రంగు రావడానికి చిటికెడు పసుపు వేశాను. సోడా తగిలి పసుపు ఎర్రబడుతుందని తెలిసీ మరిచిపోయాను, రెండో కేకు ఇటుకలా వచ్చింది. సోడా తగ్గించి వెనిగరు పెంచాను. చెత్తబుట్టలో పైన కనపడేలా వేయడానికి ప్రతిసారీ ఎదురు బేకరీకి వెళ్ళి మూడు గుడ్డు పెంకులు అడిగి తెచ్చేదాన్ని. ఆ బేకరీ ఆయన నన్ను ఇప్పటికీ ఒక రకంగా చూస్తాడు. వాడికి పదేళ్ళు వచ్చేసరికి దద్దుర్లు పోయాయి. అబద్ధం మాత్రం అలవాటైపోయి మిగిలింది. మొన్న మొదటి ఉత్తరంలో కూడా కలం దానంతట అదే రాసేసింది.

నీ జాబితా అందినప్పుడు, నేను దాచిపెట్టబట్టే ఆ పాత జబ్బు పెద్దదై తిరగబెట్టిందనుకున్నాను. మీ అందరికీ పాకిందనేసరికి ఇక ఆలోచన సాగలేదు. వంటగదిలోకి వెళ్ళి ఆ కేకు గిన్నె ముట్టుకోవడానికి చేతులు రాలేదు. అందుకే చేయనన్నాను. మనసు విరిగి కాదు.

కాబట్టి తేలిందేమిటంటే, మీరిద్దరూ లేని గుడ్డుకి పదకొండుసార్లు బదులు వెతికారు. వాడు ఎవర్నీ ఏమీ అడగకుండా తినగలిగే కేకు ఒక్కటుంటే, దాని నుంచి రెండేళ్ళు పారిపోయాడు.

కొలతలు గ్రాముల్లో, మిల్లీలీటర్లలో రాసి జత చేశాను. ఇది వాడికి నువ్వే చదివి వినిపించు. ఎదురుగా చెప్పే ధైర్యం నాకు లేదు.

మీ రాక కోసం చూసే
అత్తయ్య

తా.క.: వాడికి కోపం వచ్చినా మానేయకుండా రమ్మనే చెప్పు. శనివారం కేకు చేస్తున్నాను, ఓవెన్‌లోంచి తీశాక అరగంట చల్లారనివ్వాలి. ఆ అరగంటా నన్ను తిట్టుకోవచ్చు.