శంకుదేవుడి వాటా

జూన్ 21

పెట్టె నిండింది. నా ఒళ్ళు హూనమైంది కానీ నిండింది.

నర్సీపట్నం జెనరిక్ షాపులో పారాసిటమాల్, ఆయింట్‌మెంట్, దూది, బ్యాండేజీ చవగ్గా దొరికాయి. మలేరియా కిట్లు, మలేరియా మాత్రలు, ఓఆర్ఎస్ ఆసుపత్రి వాళ్ళు ఇచ్చారు. చింతపల్లి నుంచి సర్వీసు జీపు, జీపు దిగాక అంతా నెత్తిమీదే. గెడ్డ ఇంకా మోకాలి లోతే ఉంది. పోయిన ఏడు ఇదే గెడ్డ పొంగి నెలకు పైగా మమ్మల్ని ఇవతలే పడేసింది. ఈ ఊరికి ఆశా వర్కర్‌ని నేను. అప్పుడు నా దగ్గర జ్వరం గోళీ కూడా మిగల్లేదు. ఈసారి అలా కానివ్వను.

అత్త సోములమ్మ స్టాకు వేరే. పొయ్యి మీద అటక నిండా నేలవేము కట్టలు, కరక్కాయలు, పిప్పళ్ళు, సీసాలో తేనె. నీ రేకుపెట్టె తుప్పట్టిపోద్ది, నా అటకకి ఏటీ అవదు అంటుంది. దగ్గుకి నేనూ ఆ పిప్పళ్ళ పొడే తేనెలో కలిపి ఇస్తాను. నాకేం నామోషీ లేదు. మలేరియాకి మాత్రం పెట్టెలోదే వాడాలి. ఆ సంగతి ఆవిడకీ గట్టిగా చెప్పాను.

జూన్ 22

నా కూతురు కనక స్ట్రిప్‌లన్నీ చాప మీద పరిచి రంగులు చదివింది. ఒక్కో వయసుకి ఒక్కో రంగు. దానికి పదేళ్ళు, దాని రంగు ఎరుపు. ఒక స్ట్రిప్‌లో మూడు రోజుల మందు, మూడు వరసలు. మూడు వరసలూ ఒక్క మనిషే వేసుకోవాలి. మరి మధ్యలో తగ్గిపోతేనో అని అడిగింది. తగ్గినా వేసుకోవాలి, లేకపోతే లోపల దాక్కున్నది మళ్ళీ లేస్తుంది అన్నాను. దొంగా పోలీసాటలో దొంగలాగా అంది. అంతే అన్నాను.

జూలై 4

పాడేరులో ట్రైనింగ్. పెట్టె తాళం అత్తకి ఇచ్చి వెళ్తున్నాను. ఎవరికైనా జ్వరం వస్తే పారాసిటమాల్ తెల్ల గోళీ ఒకటి, ఇంకేమీ ముట్టుకోవద్దు అని చెప్పాను. బుర్ర ఊపింది.

జూలై 8

ఇంటికి రాగానే, సంచి దించకుండానే పెట్టె తెరిచాను.

పెట్టె ఖాళీ.

దొంగతనం కాదు. దొంగతనమైతే బాగుండేది, తిట్టడానికి ఒక మనిషి దొరికేవాడు. పంచుకున్నారు. దిగువ ఇంటి సోంబరు తలనొప్పని వస్తే అత్త పెట్టె తెరిచి ఒక గోళీ ఇచ్చిందట. అది చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి ఇంకొకరు. చివరికి సుక్రు మావ దాకా వెళ్ళింది. ఈయన మా మావగారికి అన్న. ఊరికి పెద్ద, కొండగట్టు మీది శంకుదేవుడికి పూజారి కూడా ఈయనే. ఊరికొచ్చిన సరుకు ఒక్క గడపలో ఉంటే ఎలాగ, పంచీయండి అన్నాడట.

వేటలో అడవిపంది పడితే ఎలా పంచుతారో అలాగే పంచారు. అడ్డాకులు పరిచి గడపకో కుప్ప. స్ట్రిప్‌లని కత్తిపీట మీద కోశారు. ఓఆర్ఎస్ పాకెట్లు చింపి పొడిని చెంచాలతో కొలిచారు. బ్యాండేజీని జానలేసి తెంపారు. థర్మామీటర్ ఒక్కటే వదిలేశారు, పంచితే విరిగిపోద్దని. వేటలో మొదటి వాటా దేవుడిది కదా, ఇందులోనూ తీసి గట్టు మీద పెట్టారట. పాపం ఆయనకీ చలిజ్వరం వస్తుందేమో.

సుక్రు మావ గుమ్మంలో నిలబడి అరిచాను. ఆయనకి కోపం కూడా రాలేదు. అలగంటావేటమ్మా, ఒక్క గడపకైనా తక్కువ పెట్టినామా అడిగి సూడు అన్నాడు. గర్వంగానే అన్నాడు.

మా పుట్టిల్లు రాజవొమ్మంగి రోడ్డు పక్కన. అక్కడ ఎవరి పెట్టె వాళ్ళదే. పెళ్ళైన కొత్తలో ఈ ఊరి పంపకం చూసి ఎంత మురిసిపోయానో. ఇప్పుడు అదే నా కొంప ముంచింది.

జూలై 9

అత్తతో మాట్లాడలేదు. ఆవిడా మాట్లాడలేదు. నా కంచంలో చేప ముక్క ఎక్కువ వేసింది. తిన్నాను.

జూలై 10

ఇల్లిల్లూ తిరిగాను. కిట్లు మాత్రం తిరిగొచ్చాయి, తినడానికి పనికిరావు కనుక. పెద్దవాళ్ళ స్ట్రిప్‌లు మొత్తం ఊడుపుల ఒళ్ళునొప్పులకి మింగేశారు. పిల్లలవి ఎక్కడ ఏ ముక్క ఉందో ఎవరికీ సరిగ్గా తెలీదు. మా వాటా మా ఇంట్లో ఉంటే నీకేటి, కావలిస్తే అప్పుడడుగు, ఇత్తాం అన్నారు. వాళ్ళు ఇస్తారు, అది నాకు తెలుసు. మింగకుండా ఉంటేనే కదా ఇవ్వడానికి.

రేపో ఎల్లుండో చింతపల్లి వెళ్ళి మళ్ళీ స్టాకు తేవాలి. అక్కడ ఏం చెప్పాలో మాత్రం తోచడం లేదు.

జూలై 12

గెడ్డ పొంగింది.

జూలై 19, పొద్దున్న

కనక పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. మూడు దుప్పట్లు కప్పినా ఆగడం లేదు. వేలు గుచ్చి కిట్ మీద రక్తపు చుక్క వేశాను. ఊళ్ళో ఎంతమందికి చేశానో ఈ పని. గీత పడేదాకా ఇంత భయంగా ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

రెండో గీత కూడా పడింది. మలేరియా. చెడ్డ రకం.

సిగ్నల్ కోసం కాఫీతోట పైకి పరిగెత్తి ఆసుపత్రికి ఫోన్ చేశాను. వెంటనే మొదలుపెట్టమన్నారు డాక్టరుగారు. జ్వరం తగ్గినా మూడు రోజులూ పూర్తి చేసి తీరాలన్నారు. మెలికలు తిరిగినా, మాట తడబడినా ఆగకుండా డోలీ కట్టి తెచ్చేయమన్నారు. గెడ్డ సంగతి చెప్పాను. మా ఆయన ధనుంజయ్ నడుముకి తాడు కట్టుకుని దిగి చూశాడు. ఊళ్ళోవాళ్ళు వెనక్కి లాగేశారు.

జూలై 19, సాయంత్రం

ఊరు ఊరంతా అటకలు, గూళ్ళు, చీరల మడతలు వెతికారు. సోంబరు ఇంట్లో చూరుకి గుచ్చి ఉంది ఒక ఎర్ర ముక్క. మొదటి రోజు వరస. మా వెనకింటి అసిరమ్మ బియ్యం డబ్బాలోంచి ఇంకో ఎర్ర ముక్క తీసిచ్చింది. రెండో రోజుది. రెండు ముక్కల కోత అంచులూ కలిపి చూశాను. ఒకే స్ట్రిప్.

మొదటి వరస వేశాను. కక్కలేదు. దేవుడా, ఏ దేవుడైనా సరే.

మూడో ముక్క గానీ, ఇంకే ఎర్ర స్ట్రిప్ గానీ ఎవరింట్లోనూ లేదు.

జూలై 20

రెండో వరస కూడా అయింది. మధ్యాహ్నానికి చెమట పట్టి జ్వరం దిగింది. అత్త నేలవేము కాచి తెచ్చింది. ఇది నీ మాత్రకి బదులు కాదులే, పక్కనుంటాది అంది. ఆవిడ అన్న మొదటి మాట అదే ఇన్నాళ్ళకి. అది కూడా మాత్రలు పూర్తయ్యాకే అన్నాను. గిన్నె పొయ్యి పక్కన పెట్టి గోడవైపు తిరిగి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. తాళం చెవి నాది, నమ్మి ఇచ్చింది నేను. ఆవిణ్ణి ఒక్కదాన్నే ఎలా అనను?

చీకటి పడేవేళ సుక్రు మావ వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. కర్రతో నేల గీరుతూ చెప్పాడు. దేవుడికి ఎరుపంటే ఇష్టమని ఎర్ర ముక్క ఆయన వాటాలోకి వెళ్ళిందట.

జూలై 21, పొద్దున్న

మూడో రోజు. కనక లేచి కూర్చుని గంజి తాగింది. నవ్వింది కూడా. ఇప్పుడు ఊరంతా నన్నే పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తోంది.

గుంట బాగానే ఉంది కదమ్మా అంటాడు సుక్రు మావ. దేవుడికి పెట్టింది ఇంటికి తేకూడదు, తెస్తే ఊరికే అరిష్టం, ఆ పని నా సేత్తో సెయ్యలేను అంటాడు. బెదిరించడం లేదు. ఆయనకి నిజంగా భయం. నాకూ భయమే. ఆయన భయం ఊరి కోసం, నాది నా పిల్ల కోసం. దాని లోపల దాక్కున్నది మళ్ళీ లేస్తే ఈ వానలో నేనేం చెయ్యగలను?

నేనే గట్టెక్కి తెచ్చేస్తాను అన్నాను. పెళ్ళైన ఆడది అక్కడ దేవుడి చుట్టూ పేర్చిన రాళ్ళ వరస దాటకూడదు. దాటేస్తాను అన్నాను. ధనుంజయ్ తల దించుకున్నాడు.

అప్పుడు అత్త అంది. దేవుడి వాటా ఇంటికి తేకూడదు, సరే. అక్కడే తినకూడదని ఎవులన్నారు? వేట మాంసంలో దేవుడి వాటా గట్టు మీద వండి పిల్లలకే కదా పెడతారు అంది.

సుక్రు మావ కర్ర పట్టుకుని లేచాడు. బేగి డోలీ కట్టండి అన్నాడు.

జూలై 21, మధ్యాహ్నం

డోలీ ఎప్పుడూ గెడ్డవైపు దిగడమే చూశాను. కొండ ఎక్కడం ఇదే చూడటం. ముందు ధనుంజయ్, వెనక సోంబరు. కనకకి గొడుగు పట్టుకుని పక్కన నేను. కాళ్ళకి పట్టిన జలగల్ని తీసే తీరిక లేదు.

రాళ్ళ వరస దగ్గర నేను ఆగిపోయాను. సుక్రు మావ కనకని ఎత్తుకుని లోపలికి వెళ్ళాడు. పెళ్ళికాని పిల్ల వెళ్ళొచ్చు. రాయి కిందనుంచి ఆకు పొట్లం తీశాడు. పసుపు కారిపోతోంది. ఇన్ని వానలకి తడిసిందో, చీమలు పట్టాయో. నాకిక్కడ ఏమీ కనబడదు. రేకుకి చిల్లు పడిందేమో చూడు కనకా అని అరిచాను. అది రెండు వైపులా తిప్పి, వెలుతురుకి పట్టి చూసింది. చిల్లు లేదు, డేట్ కూడా ఉంది అని అరిచింది.

మింగింది. సీసాలో నీళ్ళన్నీ తాగింది. నోరు తెరిచి నాకు చూపించింది, అంత దూరం నుంచి.

నేను బురదలో కూలబడి ఏడ్చాను. సుక్రు మావ రాయికి దండం పెట్టి చాలాసేపు ఏదో చెప్పుకున్నాడు. ఏం చెప్పుకున్నాడో నేను అడగలేదు.

జూలై 29

కనక బడి ముందు గెంతుతోంది. తిట్టాను. తిట్టడానికి ఎంత బాగుందో.

సెప్టెంబర్ 30

గెడ్డ తగ్గింది. కొత్త పెట్టె వచ్చింది. తాళం చెవి మళ్ళీ అత్త దగ్గరే, కత్తిపీట మాత్రం దాచాను. సుక్రు మావ వచ్చి దేవుడి వాటా ఏదమ్మా అన్నాడు. రంగుకో స్ట్రిప్ చొప్పున, కొయ్యకుండా, మూత బిగిసే స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చాను. ఈ ఊళ్ళో ఒళ్ళునొప్పులకి ఎవరూ చెయ్యి పెట్టని చోటు అదొక్కటే.